సంక్రాంతి – ఉత్తరాయణం

ధనుర్మాసం పట్టినది మొదలు తెలుగు పల్లెలకు కొత్త కళ వస్తుంది. తెల్లవారుజామునే వాకిళ్లలో కళ్లాపి చల్లి ముగ్గులు పెడతారు. ముగ్గుల నడుమ ఆవుపేడతో గొబ్బెమ్మలు చేసి నిలిపి, వాటిపై గుమ్మడి పూలు గుచ్చుతారు. హరిదాసు తలపై అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో వీధి వెంట సాగిపోతాడు. గంగిరెద్దులవారు సన్నాయి ఊదుతూ ఇంటింటి ముందు ఎద్దు చేత తల ఊపిస్తారు. ఈ నెల ముగిసే నాటికి కోసిన వరి కుప్పలు నూర్చి, తూర్పారబట్టి, ధాన్యం గాదెలకు, పురులకు చేర్చడం చాలవరకు పూర్తి అవుతుంది. రైతు చేతిలో నాలుగు డబ్బులు, ఇంట్లో కొత్త బియ్యం, కొత్త బెల్లం ఉండే కాలమిది. అందువలననే తెలుగువారు దీనిని పెద్దపండుగ అన్నారు.

పండుగ మూడు రోజులది. మొదటిరోజు భోగి. వేకువనే మంటలు వేసి పాత సామగ్రిని అందులో పడవేస్తారు. సాయంకాలం పసిపిల్లల తలపై రేగుపళ్లు పోసి దిష్టి తీస్తారు. రెండవరోజు సంక్రాంతి. కొత్త బియ్యంతో పొంగలి, కొత్త బెల్లంతో అరిసెలు ఆనాటి వంటలు. పితృదేవతలకు తర్పణాలు, పేదలకు దానధర్మాలు కూడా ఆనాడే. మూడవరోజు కనుమ. అది పశువుల పండుగ. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, మెడలో గంటలు కడతారు. కనుమనాడు కాకి కూడా కదలదని సామెత. ఆనాడు ప్రయాణం కట్టరాదని పెద్దలు అంటారు. కొన్ని ప్రాంతాలవారు ముక్కనుమను కూడా కలిపి నాలుగు రోజులు జరుపుకుంటారు. తమిళులు ఇదే పండుగను తై మాసపు తొలినాడు పొంగల్ అని, ఆ మరునాడు మాట్టుపొంగల్ అని చేసుకుంటారు. కన్నడిగులు నువ్వులూ బెల్లమూ ఒకరికొకరు పంచుకుంటారు. దక్షిణదేశమంతటా ఇది కోతల పండుగయే.

అయితే ఈ పండుగకు మరొక పేరు కూడా ఉన్నది. సంక్రాంతిని ఉత్తరాయణ పుణ్యకాలం అంటారు. ఆనాటి నుండి సూర్యుడు ఉత్తరదిక్కుకు మళ్లుతాడని ఇంట్లో పెద్దలు చెబుతారు. భారతంలో భీష్ముడు అంపశయ్యపై ఈ ఉత్తరాయణం కొరకే వేచి ఉన్నాడు. ఇంటివద్ద ఈ మాట విన్న విద్యార్థి పాఠశాలకు వచ్చి భూగోళ పుస్తకం తెరిస్తే, అందులో సూర్యుడు డిసెంబరు 21 లేక 22వ తేదీననే ఉత్తరానికి మళ్లుతాడని ఉంటుంది. పండుగ వచ్చేది జనవరి 14 లేక 15న. నడుమ 23, 24 రోజుల తేడా ఉన్నది. విద్యార్థి ఉపాధ్యాయుని ముందు నిలబడి, “ఏది నిజమండీ?” అని అడిగితే ఏమి చెప్పాలి? పుస్తకం తప్పు అనలేము. పెద్దలు అజ్ఞానులు అని తోసివేయడం కూడా న్యాయం కాదు. ఆ తేడా వెనుక మూడువేల సంవత్సరాల చరిత్ర ఉన్నది.

కర్రనీడ చెప్పే సాక్ష్యం

ముందుగా ప్రకృతినే అడిగి చూడవచ్చును. పాఠశాల ఆవరణలో ఎండ బాగా పడే సమతలంపై ఒక మీటరు పొడవుగల కర్రను నిటారుగా పాతి, ప్రతిదినం మధ్యాహ్నం దాని నీడ అన్నిటికంటె పొట్టిగా ఉన్న సమయంలో కొలవాలి. విజయవాడలో ఈ పని చేస్తే, డిసెంబరు 22 నాటికి మధ్యాహ్నపు నీడ సుమారు 84 సెంటీమీటర్లు ఉంటుంది. సంవత్సరమంతటిలో మధ్యాహ్నపు నీడ ఇంతకు మించదు. అక్కడి నుండి అది తగ్గుతూ వచ్చి, జనవరి 14 నాటికి సుమారు 78 సెంటీమీటర్లవుతుంది. అంటే పండుగ నాటికి సూర్యుడు ఉత్తరానికి మళ్లి మూడు వారాలు దాటినదన్నమాట. పగటి పొడవు కూడా ఇదే చెబుతుంది. విజయవాడలో డిసెంబరు 22న పగలు 11 గంటలకు కొంచెం పైన ఉంటుంది. సంక్రాంతి నాటికి అది ఐదారు నిమిషాలు పెరుగుతుంది.

ఇక్కడ విద్యార్థి పొరపడగల విషయం ఒకటి ఉన్నది. తెల్లవారే వేళను మాత్రమే చూస్తే, సంక్రాంతినాడు సూర్యుడు డిసెంబరు 22 నాటికంటె ఆలస్యంగానే ఉదయిస్తాడు. పగలు ఇంకా తగ్గుతున్నదేమో అనిపిస్తుంది. కాని సాయంకాలం అస్తమయం అంతకంటె ఎక్కువ ఆలస్యమవుతున్నది. రెండింటిని కలిపి లెక్కించినపుడే పగటి పెరుగుదల తెలుస్తుంది. అందువలన ఈ పరీక్షకు ఉదయపు గడియారంకంటె మధ్యాహ్నపు నీడయే నమ్మదగిన సాక్షి.

సంక్రమణమంటే ఏమి?

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతున్నందున, భూమిపై ఉన్నవారికి సూర్యుడే నక్షత్రాల నడుమ ఒక వృత్తంలో సంవత్సరానికి ఒకసారి తిరుగుతున్నట్లు కనిపిస్తాడు. ఆ వృత్తాన్ని 30 డిగ్రీల చొప్పున 12 రాశులుగా భాగించినారు. సూర్యుడు ఒక రాశి నుండి మరొక రాశిలో ప్రవేశించడమే సంక్రమణం. ఇట్లు ఏడాదికి 12 సంక్రమణాలు కలవు. ధనూరాశి దాటి మకరరాశిలో ప్రవేశించే సమయమే మకర సంక్రమణం. తెలుగువారి పండుగలు చాలావరకు చంద్రుని తిథులను బట్టి వచ్చేవి. ఉగాది, దసరా, దీపావళి ఇంగ్లీషు తేదీలలో ఏటేటా ముందు వెనుకలవుతాయి. సంక్రాంతి మాత్రం కేవలం సూర్యుని బట్టి వచ్చే పండుగ కావున తేదీ ఇంచుమించు స్థిరంగా ఉంటుంది.

ఇంచుమించు అనడానికి కారణం ఉన్నది. సూర్యుడు ఒక నక్షత్రం దగ్గర బయలుదేరి మరల అదే నక్షత్రాన్ని చేరుకొనడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు పడుతుంది. ఇది నాక్షత్ర సంవత్సరం. ఇందులోని 6 గంటల మూలంగా ప్రతి ఏడూ సంక్రమణ సమయం 6 గంటలు వెనుకకు జరుగుతుంది. నాలుగేళ్లకొకసారి ఫిబ్రవరికి 29వ తేదీ చేర్చడంతో మరల వెనుకటి స్థానానికి వస్తుంది. 2024లో పండుగ జనవరి 15న, 2025లో 14న రావడానికి కారణమిదే.

ఋతువుల సంవత్సరం వేరు. ఒక డిసెంబరు అయనం నుండి మరుసటి డిసెంబరు అయనం వరకు పట్టే కాలం 365 రోజుల 5 గంటల 49 నిమిషాలు మాత్రమే. నాక్షత్ర సంవత్సరంకంటె ఇది సుమారు 20 నిమిషాలు తక్కువ. ఇరువది నిమిషాలు లెక్కలోకి రానంత స్వల్పమని తోస్తుంది. కాని 71 సంవత్సరాలకు అది ఒక పూర్తి దినమవుతుంది. పదిహేడు వందల సంవత్సరాలకు 24 దినాలవుతుంది. సంక్రాంతికి, ఉత్తరాయణానికి నడుమ ఉన్న ఎడం పుట్టినది ఇక్కడనే.

బొంగరం వంటి భూమి

ఈ ఇరువది నిమిషాలు ఎక్కడివి? బొంగరం వేగంగా తిరుగుతూ కొంచెం వాలినపుడు, దాని ములికి ఒకచోటనే నిలిచి ఉన్నా తల మెల్లగా గుండ్రంగా తిరుగుతుంది. భూమి కూడా ఇట్లే చేస్తున్నది. భూమి పూర్తి గోళం కాదు. మధ్యరేఖ దగ్గర ఉబ్బి, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకొని ఉన్నది. మధ్యరేఖ వద్ద వ్యాసం ధ్రువాల నడుమ వ్యాసంకంటె సుమారు 43 కిలోమీటర్లు ఎక్కువ. ఆ ఉబ్బును చంద్రుడు, సూర్యుడు ఆకర్షించి నిలబెట్టజూస్తారు. తిరుగుతున్న భూమి నిలబడక, అక్షాన్ని మెల్లగా గుండ్రంగా తిప్పుతుంది. ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 25,800 సంవత్సరాలు పడుతుంది. ఈ కారణాన్ని న్యూటన్ 1687లో ప్రకటించిన తన మహాగ్రంథంలో వివరించినాడు. గ్రీకు జ్యోతిష్కుడు హిప్పార్కస్ ఈ చలనాన్ని క్రీస్తుకు పూర్వం 2వ శతాబ్దంలోనే గుర్తించినాడు.

అక్షం తిరిగినకొద్దీ ఆకాశంలో రెండు మార్పులు వస్తాయి. మొదటిది, ధ్రువనక్షత్రం మారుతుంది. నేడు ఉత్తరధ్రువానికి దగ్గరగా ఉన్న నక్షత్రానికి ఆ పదవి శాశ్వతం కాదు. సుమారు 12,000 సంవత్సరాల తరువాత అభిజిత్తు ఆ దిక్కుకు చేరువ అవుతుంది. రెండవది, అయన బిందువులు, విషువద్బిందువులు నక్షత్రాల నడుమ 72 సంవత్సరాలకు ఒక డిగ్రీ చొప్పున పడమరకు జరుగుతాయి. దీనినే అయన చలనం అంటారు. జరిగిన మొత్తాన్ని పంచాంగకర్తలు అయనాంశ అంటారు. నేడది 24 డిగ్రీలకు కొంచెం పైన ఉన్నది. ఉత్తరాయణం మొదలయ్యే వేళకు సూర్యుడు మకరరాశిలో కాక, ధనూరాశిలో 6వ డిగ్రీ దగ్గర, మూలా నక్షత్రంలో ఉంటున్నాడు.

వరాహమిహిరుని నిర్ణయం

ఒకనాడు ఈ రెండూ ఒకటిగా ఉండేవి. క్రీస్తుశకం 3వ శతాబ్దం చివర నుండి 6వ శతాబ్దం వరకు ఉన్న కాలంలో సూర్యుడు మకరరాశిలో ప్రవేశించడం, ఉత్తరానికి మళ్లడం కలిసిగాని, రెండు మూడు రోజుల ఎడంలోగాని జరిగినవి. ఆధునిక గణితం ఈ కలయికను 285వ సంవత్సరంలో ఉంచుతున్నది. సిద్ధాంత గ్రంథాల సంప్రదాయం 499లో ఉంచుతున్నది. మకర సంక్రాంతికి ఉత్తరాయణ పుణ్యకాలమనే పేరు ఆ కాలానికి అక్షరాలా తగిన పేరు.

కాని అంతకు ముందు కూడా ఉత్తరాయణం ఉన్నది. అప్పుడది మకరంతో మొదలు కాలేదు. వేదాంగ జ్యోతిషం ధనిష్ఠా నక్షత్రం ఆరంభంలో సూర్యుడు ఉత్తరానికి మళ్లుతాడని చెప్పినది. ఉజ్జయినికి చెందిన వరాహమిహిరుడు 6వ శతాబ్దంలో బృహత్సంహిత వ్రాసేటపుడు ఈ పాత మాటకు, తన కాలపు ఆకాశానికి పొత్తు కుదరలేదని గమనించినాడు. పూర్వశాస్త్రాలు అట్లు చెప్పినవి కనుక ఒకప్పుడు అట్లే ఉండి ఉంటుందనీ, ఇప్పుడు మాత్రం అయనాలు కర్కాటక, మకరాదుల నుండి మొదలవుతున్నవనీ వ్రాసినాడు. అంతటితో ఆగక, సందేహం ఉన్నవారు ప్రత్యక్షంగా పరీక్షించుకొనవచ్చునని మార్గం కూడా చూపినాడు. దూరాన ఒక గుర్తు పెట్టుకొని సూర్యుని ఉదయాస్తమయాలను చూడటం ఒకటి; వృత్తం గీచి, దాని నడుమ శంకువును నిలిపి, నీడ వృత్తంలో ప్రవేశించే చోటును, వెలుపలికి పోయే చోటును గుర్తించడం మరొకటి. పాఠశాల ఆవరణలో విద్యార్థి పాతే కర్ర ఆనాటి శంకువుకు వారసురాలే.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ధనిష్ఠ ఆరంభానికి, మకరం ఆరంభానికి నడుమ దూరం 23 డిగ్రీల 20 కలలు. నేటి అయనాంశ 24 డిగ్రీలు. అనగా పూర్వుల మాటకు, తన కాలపు ఆకాశానికి నడుమ వరాహమిహిరుడు ఎంత తేడాను చూచినాడో, నేటివారు కూడా ఇంచుమించు అంతే తేడాను చూస్తున్నారు. ఆయన ఆ తేడాను దాచలేదు, పూర్వులను నిందించలేదు, ఆకాశాన్ని చూచి లెక్కను సవరించినాడు. సంప్రదాయమనేది మార్పునకు శత్రువని భావించేవారికి ఇది మంచి సమాధానం.

తరువాతి కాలంలో అయన చలనం మన గణకులకు తెలియకపోలేదు. 10వ శతాబ్దంలో లఘుమానసం వ్రాసిన మంజులుడు దీనిని లెక్కలోకి తెచ్చినాడు. ఇప్పుడు లభించే సూర్యసిద్ధాంతంలో కూడా ఈ చలనం చెప్పబడినది. కాని అందులో అయన బిందువులు 27 డిగ్రీలు ఒక ప్రక్కకు, 27 డిగ్రీలు మరొక ప్రక్కకు ఊయలవలె ఊగుతాయని ఉన్నది. ఊగేది ఎన్నటికైనా వెనుకకు వస్తుంది కావున పండుగ తేదీని సవరించవలసిన తొందర కనిపించలేదు. అది ఊగడం కాదనీ, ఒకే దిక్కుకు సాగే చలనమనీ తరువాతి భౌతికశాస్త్రం నిరూపించినది.

శాసనాలు, తేదీలు

తెలుగు దేశపు శాసనాలలో ఉత్తరాయణ సంక్రాంతికి గొప్ప స్థానం ఉన్నది. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు కొన్నింటిలో ఉత్తరాయణ నిమిత్తమై చేసిన భూదానాలు కనిపిస్తాయి. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోని 11, 12 శతాబ్దాల శాసనాలలో ఉత్తరాయణ సంక్రాంతి నాడు అఖండదీపాలకై దానమిచ్చినవారి వివరాలు ఉన్నవి. ఆ దాతలు నమ్మికతో ఇచ్చినారు. కాని వారి కాలానికే సంక్రాంతి అసలు అయనం నుండి పది పన్నెండు దినాలు వెనుకబడినది. వారు శాసనంలో వ్రాయించిన పేరు అదే, కాని ఆకాశం అప్పటికే ముందుకు సాగిపోయినది.

దగ్గరి కాలంలో కూడా ఈ మార్పును గుర్తించవచ్చును. స్వామి వివేకానంద 1863 జనవరి 12న మకర సంక్రాంతి నాడు జన్మించినారు. నేడు ఆయన జయంతి జనవరి 12ననే జరుగుతున్నది. సంక్రాంతి మాత్రం రెండు మూడు దినాలు ముందుకు జరిగినది. ఈ క్రమంలోనే పోతే, 3000వ సంవత్సరం నాటికి పండుగ జనవరి చివరి వారానికి చేరుతుంది. సుమారు 9,000 సంవత్సరాల తరువాత మే నెలలో, నడి వేసవిలో భోగిమంటలు వేయవలసి వస్తుంది!

వరి ఏ సూర్యుని అనుసరిస్తుంది?

ఈ లెక్క జ్యోతిష్కులకే సంబంధించినదని అనుకొనరాదు. సంక్రాంతి పంటల పండుగ. పంటకు రాశులు తెలియవు. వరిమొక్కకు కావలసినవి వాన, వేడి, పగటి పొడవు. ఈ మూడూ ఋతువుల సంవత్సరాన్ని అనుసరిస్తాయిగాని నక్షత్రాలను అనుసరించవు.

మొక్కలు పగటి పొడవును బట్టి పూస్తాయని అమెరికా శాస్త్రజ్ఞులు గార్నర్, అల్లార్డ్ 1920లో ప్రకటించినారు. మన పాత కాలపు సార్వా వరి రకాలు చాలావరకు ఇటువంటివే. అవి తొలకరి తరువాత ఎప్పుడు నాటినా, పగలు తగ్గి రాత్రి పెరిగే శరత్కాలంలోగాని పొట్టకు రావు. తరువాత నెల, నెలన్నరకు గింజ ముదిరి కోతకు వస్తుంది. కోత, కుప్ప, నూర్పు అన్నీ ముగిసేసరికి పుష్యమాసం వస్తుంది. కావున వరి తన లోపలి గడియారాన్ని సూర్యుని అయనంతోనే సరిచేసుకుంటున్నదని చెప్పవచ్చును. 1966లో వెలువడిన ఐ.ఆర్. 8 మొదలు చాలా కొత్త రకాలలో ఈ లక్షణాన్ని తగ్గించినారు. అవి పగటి పొడవును అంతగా పట్టించుకొనక, నిర్ణీతమైన దినాలకు కోతకు వస్తాయి. అయినా వానకాలం, కాలువలకు నీరు వదిలే కాలం మారలేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, విజయవాడ వద్ద కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తి అయిన తరువాత డెల్టాలలో సార్వా సాగు స్థిరపడినది. ఆ సార్వా ధాన్యమే నేటికీ సంక్రాంతి పొంగలికి ఆధారం.

ఈ విధంగా చూస్తే సంక్రాంతి రెండు కాడెద్దుల బండి వంటిది. ఒకటి నక్షత్రాల సంవత్సరం, రెండవది పొలం సంవత్సరం. ఒకటి రెండవదానికంటె ఏడాదికి ఇరువది నిమిషాలు వెనుకబడి నడుస్తున్నది. ఒక మనిషి జీవితంలో ఈ ఎడం ఒక్క దినమే కనుక ఎవరికీ తెలియదు. ఒక జాతి జీవితంలో మాత్రం తెలియక తప్పదు.

సవరణ ప్రయత్నం

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ సమస్యను పరిశీలించడానికి శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి 1952 నవంబరులో ఒక సంఘాన్ని నియమించినది. ప్రసిద్ధ భౌతికశాస్త్రజ్ఞుడు మేఘనాద్ సాహా దానికి అధ్యక్షుడు. దేశంలో అప్పటికి సుమారు 30 రకాల పంచాంగాలు వాడుకలో ఉండేవి. వాటిని పరిశీలించి సంఘం 1955లో నివేదిక సమర్పించినది. దానిని అనుసరించి 1957 మార్చి 22న, శక సంవత్సరం 1879 చైత్రం 1వ తేదీతో జాతీయ పంచాంగం అమలులోకి వచ్చినది. ఇందులో నెలలు ఋతువులను అనుసరిస్తాయి. పుష్యమాసం డిసెంబరు 22న, అయనానికి సరిగా మొదలవుతుంది.

పండుగల విషయంలో సంఘం మధ్యేమార్గం సూచించినది. సంక్రాంతిని ఒక్కసారిగా మూడు వారాలు ముందుకు లాగితే ప్రజలు అంగీకరించరని గ్రహించి, అయనాంశను 23 డిగ్రీల 15 కలల దగ్గర నిలిపివేయవలెనని చెప్పినది. అట్లు చేస్తే జరిగిన తేడా జరిగినట్లే ఉండి, ఇకముందు పెరగదు. సంక్రాంతి జనవరి 13, 14 తేదీల దగ్గరనే స్థిరంగా నిలుస్తుంది. కోతల కాలాన్ని ఎన్నటికీ విడువదు. ప్రభుత్వ పత్రాలలో జాతీయ తేదీ చోటు చేసుకున్నది. కాని పండుగలను గురించిన సలహాను పంచాంగకర్తలు స్వీకరించలేదు. నక్షత్రాలతోడి సంబంధం తెంచుకొనడం వారికి ఇష్టం లేకపోయినది. వారి వాదంలో కూడా కొంత బలం ఉన్నది. సంక్రమణమంటే రాశి ప్రవేశం. ఆకాశంలో రాశి ఉన్నచోటనే దానిని లెక్కించడం మాటకు కట్టుబడి ఉండటమే. కాని అప్పుడు దానిని ఉత్తరాయణమని పిలవడం కుదరదు. రెండు పేర్లలో ఏదో ఒకటి మాత్రమే ఆకాశంతో సరిపోతుంది.

కావున ఉపాధ్యాయుని ముందు నిలిచిన విద్యార్థికి ఇవ్వదగిన సమాధానమిది. భూగోళ పుస్తకం చెప్పినది నిజం. సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీలలోనే ఉత్తరానికి మళ్లుతాడు. పెద్దలు చెప్పినది కూడా ఒకనాటి నిజమే. పదిహేడు వందల సంవత్సరాల క్రిందట అది కంటికి కనిపించిన సత్యం. పండుగ అబద్ధం కాలేదు. గాదెలోని ధాన్యం, పొంగలిలోని కొత్త బియ్యం, కనుమనాడు పూజలందే ఎద్దు అన్నీ నిజమే. మారినది భూమి అక్షం. ఇకముందు సంక్రాంతిని నక్షత్రాలతో నడిపించవలెనా, పొలంతో నడిపించవలెనా అన్నది రాబోయే తరాలవారు నిర్ణయించుకొనవలసిన విషయం. ఆ నిర్ణయం చేయగల తరం తయారు కావలెనంటే, డిసెంబరు రెండవ వారంలోనే పాఠశాల ఆవరణలో ఒక కర్ర పాతి, సంక్రాంతి సెలవుల దాకా ప్రతి మధ్యాహ్నం నీడ కొలిపించి వ్రాయించడం మంచి ఆరంభం. వరాహమిహిరుడు చెప్పిన పద్ధతి కూడా అదే.